రెండు చుట్ల నట్టు

కాలేషా మేస్త్రిని ఏదన్నా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. విననట్టే ఉంటారు. చేతిలోని పానాను గుడ్డతో తుడుచుకుంటారు, "టీ చెప్పండయ్యా" అంటారు. అడిగినవాడు విసిగి ఊరుకున్నాక, గంటకో నాలుగు రోజులకో, ఆ ప్రశ్నతో సంబంధమే లేనట్టు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని ముగిసేసరికి జవాబు దొరికినవాళ్ళు ఉన్నారు, దొరకనివాళ్ళూ ఉన్నారు. నేను చాలాకాలం దొరకనివాళ్ళలోనే ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నలభై ఏళ్ళు ప్లీడరు దగ్గర గుమస్తాగా పనిచేసినవాణ్ణి. అడిగినదానికి అవునో కాదో చెప్పమని సాక్షుల్ని గదమాయిస్తుంటే వింటూ ముసలివాణ్ణయ్యాను. మనిషన్నాక అడిగినప్పుడు చెప్పాలి కదా అని నా గోల. అలాంటి నేను ఒక శుక్రవారం పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ షెడ్డులో కూర్చుని చూసింది ఇక్కడ చెబుతున్నాను.

ఆ షెడ్డు చీరాలలో వేటపాలెం పోయే రోడ్డు మీద ఉంది. నాలుగు రేకులు, రెండు గోడలు, ముందు ఒక కానుగ చెట్టు. పాత కార్ల పని తెలిసినవాళ్ళు చుట్టుపక్కల వేరే లేరు కాబట్టి బాపట్ల నుంచీ ఒంగోలు నుంచీ కూడా ఆయన దగ్గరికే వస్తారు. నా దగ్గరున్నది మా ప్లీడరుగారు వాడిన ల్యాండ్ మాస్టర్ కారు. నాకంటే పదేళ్ళే చిన్నది. ఆయన పోయేముందు "ఒరే, దీన్ని తూకానికి మాత్రం వెయ్యనివ్వకు" అని నా చేతిలో తాళం పెట్టారు. అప్పటినుంచి దాన్ని నా కన్నబిడ్డలా చూసుకుంటున్నాను, నా కన్నబిడ్డలు ఆ మాట ఎత్తి చూపుతుంటారు కూడా. స్టీరింగ్ చక్రం మీది నల్లటి తొడుగు నాలుగుచోట్ల పగిలి అరచేతులు కోస్తోంది. గుంటూరులో అలాంటి పగుళ్ళు పూడ్చి కొత్తదానిలా చేసే మనిషి ఒకాయన ఉన్నాడు. అయితే చక్రం దించి ఆయనకు పంపాలి. దించడం అంటారా, బండి పుట్టాక ఆ చక్రాన్ని ఒక్కసారి కూడా ఎవరూ దించలేదు. పగిలిందంటే అలాంటిది మళ్ళీ దొరకదు. అందుకని ఆ రోజు నేను ఇంటికి పోకుండా షెడ్డులో బల్ల మీద కాపలా కూర్చున్నాను.

ఇక యేసోబు సంగతి చెప్పాలి. మేస్త్రి శిష్యుల్లో అందరికంటే పెద్ద వయసులో చేరినవాడు అతనే. నలభై ఒకటో ఏట వచ్చాడు. అంతకుముందు పదహారేళ్ళు లారీ నడిపాడు. తాగి నడిపి ఒక వంతెన గోడ మీదికి ఎక్కించాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు, లైసెన్సు మాత్రం పోయింది. లైసెన్సు పోయాక తాగుడు రెండింతలైంది. భార్య సారమ్మ ఒక బళ్ళో ఆయాగా పనిచేస్తుంది. ఎన్నాళ్ళని భరిస్తుంది? ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వేటపాలెంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఖాళీ ఇంట్లో వారం రోజులు పడి ఉండి, ఎనిమిదో రోజు ఇతను ఈ షెడ్డు ముందుకొచ్చి "నాకు పని నేర్పండి మేస్త్రీ" అన్నాడట. ఆయన "ముందు మొహం కడుక్కో" అన్నారట. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. నేను ఈ మాట చెప్పే శుక్రవారానికి నాలుగు నెలల పదకొండు రోజులు. ఈ లెక్క అతనికి నోటికి వచ్చు.

ఆ శుక్రవారం పొద్దున్న యేసోబు మొహం మాడ్చుకుని వచ్చాడు. ముందురోజు రాత్రి సారమ్మ ఫోన్ చేసిందట. తిరిగి వస్తానంది, పిల్లను తీసుకుని వస్తానంది. కానీ ఒక మాటకి ఒప్పుకోవాలంది. రోజూ బడి వదలగానే తను ఈ షెడ్డు దగ్గరికి వస్తుంది. ఇద్దరూ కలిసి ఇంటికి నడిచిపోవాలి. అదీ బ్రాందీ షాపు ఉన్న బజారు వెంట కాదు, కాలవ కట్ట మీద నుంచి, పావుగంట ఎక్కువైనా సరే. సాయంత్రం వచ్చి అతని నోటి నుంచే జవాబు వింటానంది. కాదంటే మళ్ళీ అడగనని కూడా అంది. ఇదంతా అతను పానాలు సర్దుతూనే చెప్పాడు, ఒక్కొక్క పానాను డబ్బాలో విసిరికొడుతూ.

"ఒట్టేస్తానన్నా మేస్త్రీ. బైబిలు మీద వేస్తానన్నా. నీ ఒట్లు నాకొద్దంటది," అన్నాడు. "చర్చిలో మూడుసార్లు వేశావు, మూడుసార్లూ నేనే పక్కన నిలబడ్డా, ఇక ఒట్టు మాట ఎత్తబాకు అంటది. సరే, నిజమే, వేశా, తప్పా. కానీ ఈసారి మానేశా కదా. నా అంతట నేను మానేశా. ఎవరూ చెప్పలా. మళ్ళీ పెళ్ళాం వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాలా? బజారంతా నవ్వదా?"

మేస్త్రి నా బండి చుట్టూ తిరిగి చూస్తున్నారు.

యేసోబు ఆయన వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు. "నన్నొకటి అడగనీయండి మేస్త్రీ. మీరే చెప్పండి. ఒక పని చెయ్యాలని గట్టిగా అనుకున్నోడికి కాపలా దేనికి? కాపలా పెట్టుకున్నాడంటే వాడు గట్టిగా అనుకోనట్టే కదా?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు నచ్చింది. కోర్టులో అయితే ఆ మాటకి ఎదుటి ప్లీడరు నీళ్ళు నమిలేవాడు. మేస్త్రి ఏం చెబుతారా అని బల్ల మీద ముందుకు జరిగాను. ఆయన బండి తలుపు తెరిచి, "గుమస్తాగారి స్టీరింగ్ దించు," అన్నారు. "టీ చెప్పండయ్యా" అని కూడా అన్నారు. ఆ టీ నేనే చెప్పాల్సొచ్చింది.

పని మొదలుపెట్టడం మాత్రం ముచ్చటగా సాగింది. యేసోబు మొదట బండి ముందు టైర్లని తిన్నగా పెట్టాడు. బ్యాటరీ వైరు ఊడదీసి పక్కకు వంచాడు, హారన్ వైరు ఎక్కడన్నా తగిలి నిప్పు లేస్తుందని. నడిమధ్యనున్న హారన్ బటన్‌ని గుడ్డ చుట్టిన చెక్క ముక్కతో నెమ్మదిగా లేపి తీసి నా చేతికిచ్చాడు. దాని కింద నట్టు కనబడింది, తుప్పు పట్టి నల్లగా. నట్టు ముట్టుకోకముందే మేస్త్రి చిన్న ఉలి అందించారు. చక్రం మధ్యభాగం మీద ఒక గీత, దానికి సరిగ్గా ఎదురుగా, చక్రం దిగి కూర్చున్న స్టీరింగ్ రాడ్డు చివర ఒక గీత. తిరిగి బిగించేటప్పుడు రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురుపడాలి, లేకపోతే బండి తిన్నగా పోతున్నా చక్రం వంకరగా ఉంటుంది. కిరసనాయిలూ బ్రేకాయిలూ కలిపి నట్టు చుట్టూ పోసి అరగంట ఆగారు. తరువాత పొడుగు పానా వేసి యేసోబు ఒళ్ళంతా వంచి తిప్పాడు. కిర్రుమంది, తిరిగింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

"తియ్యబాకు," అన్నారు మేస్త్రి. "పైకి తిప్పు. రెండు చుట్లు మర మీద ఉండగా ఆపు. చక్రానికీ నట్టుకీ మధ్య బొటనవేలు మందం సందుంటే చాలు. ఇక లాగు."

ఇక్కడ పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి, నాకూ ఆ రోజే తెలిసింది. చక్రాన్ని పట్టుకుని ఉండేది నట్టు ఒక్కటే కాదు. రాడ్డు చివర పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని మీద చక్రం దిగి బిగుసుకుని కూర్చుంటుంది. అన్నేళ్ళ తుప్పు తోడైతే రెండూ ఒకటే ఇనుపముక్క అయిపోతాయి. లాగడానికి పుల్లర్ అనే మూడుకాళ్ళ పనిముట్టు ఉంది కానీ, నా బండి చక్రానికి దాని కాళ్ళు ఆనే చోటు లేదు, బలవంతంగా పెడితే పగిలిన తొడుగు పూర్తిగా ఊడుతుంది. ఇనప సుత్తితో గట్టిగా వేస్తే రాడ్డు అడుగునున్న స్టీరింగ్ పెట్టె పాడవుతుంది. మిగిలింది మనిషి చేతులే. సీట్లో కూర్చుని, మోకాళ్ళు కిందనుంచి ఆనించి, రెండు చేతులతో రెండు పక్కలా సమానంగా పట్టుకుని తనవైపుకి లాక్కోవాలి. కాస్త ఆ పక్క, కాస్త ఈ పక్క ఆడించి మళ్ళీ లాగాలి.

యేసోబు లాగాడు. పది గంటల నుంచి పన్నెండున్నర దాకా లాగాడంటే నమ్మండి. మధ్యలో దిగి నూనె పోసేవాడు, చక్రం మధ్యభాగానికి వెనకనుంచి చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా వేసేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. చొక్కా తడిసి ముద్దయింది. చక్రం ఉలకలేదు, పలకలేదు. అతను లాగుతున్నంతసేపూ ఆ నట్టు వైపే కోపంగా చూస్తున్నాడని నేను గమనించాను. మేస్త్రి ఒకటి రెండుసార్లు వచ్చి వేలితో చక్రం అడుగున తట్టి విని, "నూనె దిగతంది. లాగు," అని పోయారు. పన్నెండున్నరకి చేతులు కడుక్కుని, తెల్ల టోపీ పెట్టుకుని, జుమ్మా నమాజుకి బయలుదేరారు. పోతూ పోతూ, "నట్టు అట్టాగే ఉండనీ," అన్నారు.

ఆయన సైకిలు మలుపు తిరిగిందో లేదో నా నోరు ఊరుకోలేదు. ఈ నోటి వల్ల నేను పడ్డ పాట్లు రాస్తే పెద్ద పుస్తకం అవుతుంది. "ఏమయ్యా యేసోబూ," అన్నాను, "నాకు తెలియక అడుగుతాను. ఊడదీయాలనుకున్నదానికి మూత బిగించి లాగడం ఏం పద్ధతి? ఆ నట్టు తీసి అవతల పారేస్తే పోలా? మీ మేస్త్రికి చాదస్తం."

యేసోబు నా వంక చూశాడు. పొద్దుటి నుంచి లోపల ఉడుకుతున్నదంతా మొహంలోకి వచ్చింది. "నేనూ అదే అనుకుంటన్నా గుమస్తాగారూ," అన్నాడు. "అంతటా ఇదే. లాగమంటారు, అడ్డం పెడతారు. నమ్మితే పూర్తిగా నమ్మాల, లేకుంటే లేదు." వేళ్ళతో గిరగిరా రెండు చుట్లు తిప్పి నట్టు తీసేసి నా అరచేతిలో పెట్టాడు. పెద్ద ఉసిరికాయంత ఉంది, వెచ్చగా ఉంది. నాకు ఏదో ఘనకార్యం చేసినట్టే అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక చూసుకో నా తడాఖా అన్నట్టు ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు ఆనించాడు, చక్రం పట్టుకున్నాడు, దేవుడి పేరు తలుచుకున్నాడు, లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. రాలేదు. మెడ నరాలు పొంగుతున్నాయి, పళ్ళు కొరుకుతున్నాడు, అరుస్తున్నాడు కూడా. చూసేవాడికి ముందుకంటే పదింతలు కష్టపడుతున్నట్టే ఉంది. అయినా ఏదో తేడాగా ఉంది. మొదట నాకు అంతుబట్టలేదు. పక్కకు వచ్చి కిటికీలోంచి చూస్తే తెలిసింది. మనిషి మొహాన్ని భుజం మీదికి తిప్పేసుకుని, కళ్ళు చికిలించుకుని లాగుతున్నాడు. వీపు సీటుకి ఆనడం లేదు, ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. చేతులు లాగుతున్నాయి, తక్కిన ఒళ్ళంతా తప్పించుకోవడానికి సిద్ధంగా ఉంది. నేనేం చేశాను? "ఇంకాస్త! ఇంకాస్త!" అని బయట నిలబడి అరిచాను. ఒడ్డున కూర్చున్నవాడికి అరవడానికేం.

ఒంటిగంటన్నరకి మేస్త్రి తిరిగొచ్చారు. సైకిలు కానుగ చెట్టుకి ఆనించి, టోపీ తీసి జేబులో పెట్టుకుని, సరాసరి బండి దగ్గరికి వచ్చారు. రాడ్డు చివర బోసిగా ఉండడం చూశారు. ఆ తరువాత నా గుప్పిట చూశారు. నేను దాచుకోబోయి, ఇంత వయసొచ్చి ఇదేం పని అనిపించి, నట్టు ఆయన చేతిలో పెట్టాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గుమస్తాగారి మాట విని తీయలా మేస్త్రీ," అన్నాడు యేసోబు, చెమట తుడుచుకుంటూ. "నాకే అనిపించింది, తీశా."

"ఊ," అన్నారు మేస్త్రి. కిటికీలోంచి లోపలికి వంగారు. "లాగు. చూస్తా."

యేసోబు లాగాడు. ఆయన రెండు నిమిషాలు చూశారు.

"మొహం ఎందుకయ్యా పక్కకి పెట్టావు?"

యేసోబు చేతులు వదిలాడు. "ఊడొచ్చిందంటే మూతికి తగులుద్దేమోనని," అన్నాడు.

"తగులుద్ది. పళ్ళు రాలతాయి. ఒక్కోసారి ముక్కు కూడా పగులుద్ది," అన్నారు మేస్త్రి, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా. "అందుకని సగం బలంతో చక్రాన్ని లాగుతున్నావు, సగం బలంతో నిన్ను నువ్వు వెనక్కి లాక్కుంటున్నావు. ఇట్టా అయితే రేపు ఈ వేళకి కూడా ఇక్కడే ఉంటావు. గుమస్తాగారు కూడా ఉంటారు."

మేస్త్రి చెయ్యి లోపలికి చాచి, నట్టుని రాడ్డు చివర పెట్టి, వేళ్ళతో తిప్పారు. ఒక చుట్టు. రెండో చుట్టు. ఆపారు. యేసోబు గడ్డం కింద వేలు పెట్టి మొహాన్ని ఎదురుగా తిప్పారు, మంగలి తిప్పినట్టు.

"వీపు సీటుకి ఆనించు. మొహం చక్రానికి ఎదురుగా పెట్టు. నట్టుని చూడబాకు, చక్రాన్ని చూడు. ఇప్పుడు లాగు. ఒంట్లో ఎంతుంటే అంతా లాగు. ఏమీ మిగుల్చుకోబాకు."

యేసోబు పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. ఈసారి అరవలేదు. పళ్ళు కొరకలేదు. ముందుకి చూస్తూ లాగడం మొదలుపెట్టాడు. బండి మొత్తం స్ప్రింగుల మీద మెల్లగా వెనక్కి వాలింది. వదల్లేదు. నేను మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటున్నాను, పంతొమ్మిది దాకా వచ్చాను. చక్రం కదలలేదు, అతనూ వదల్లేదు. చేతులు వణుకుతున్నాయి. ఇరవై ఆరో ఇరవై ఏడో, నాకు లెక్క తప్పింది, ఠపేలుమని తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. బండి ఊగింది. నేను భయపడి వెనక్కి దూకి నూనె డబ్బాని తన్నేశాను.

తేరుకుని చూస్తే చక్రం బొటనవేలు మందం పైకి లేచి, నట్టుకి కొట్టుకుని ఆగి ఉంది. యేసోబు సీటుకి అతుక్కుపోయి ఉన్నాడు. మొహం చెక్కుచెదరలేదు. అతని పెదాలకీ ఆ చక్రానికీ మధ్య జానెడు కూడా లేదు. ఆ లాగిన లాగుడికి నట్టు లేకుంటే ఏమై ఉండేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గంటసేపు కిటికీ పక్కన నిలబడి ఇంకాస్త, ఇంకాస్త అని అరిచింది నేనే కదా. వెళ్ళి బల్ల మీద కూలబడ్డాను.

యేసోబు నట్టుని వేళ్ళతో తిప్పి తీశాడు. చక్రాన్ని రెండు చేతులతో పసిబిడ్డని ఎత్తినట్టు పైకి లేపాడు. కొత్త పగులు ఒక్కటి కూడా పడలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్టాగే సీట్లో కూర్చుండిపోయాడు. మేస్త్రి పలకరించలేదు. నన్నూ పలకరించనివ్వలేదు, నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డంగా ఊపారు. భోజనాలు చేశాం. చక్రాన్ని గోనెపట్టాలో చుట్టి గుంటూరు పంపడానికి సిద్ధం చేశాం.

అయిదు దాటాక సారమ్మ వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. బడి ఆయాలు కట్టుకునే నీలం చీర, చేతిలో గుడ్డసంచి, కాళ్ళకి రబ్బరు చెప్పులు. షెడ్డు లోపలికి రాలేదు. కానుగ చెట్టు కింద నిలబడింది. కూర్చోమని నేను బల్ల చూపిస్తే, "వద్దులెండి బాబుగారూ, ఒక మాట విని పోతా," అంది. యేసోబు చేతులకి అంటిన గ్రీజు పాతగుడ్డతో తుడుచుకుంటూ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"పాప ఏది?" అన్నాడు.

"అమ్మ దగ్గరుంది. నువ్వు చెప్పేదాన్ని బట్టి." ఆమె అతని మొహంలోకి చూసింది. "నిన్ను చిన్నబుచ్చాలని కాదు. నాకు నీ మీద కోపం కూడా లేదిప్పుడు. నాకిక ఓపిక లేదు, అంతే. అవునంటే అవును, కాదంటే కాదను. ఒట్టు మాత్రం వెయ్యబాకు."

యేసోబు గుడ్డని మడతపెట్టాడు, విప్పాడు. పొద్దున్న డబ్బాలో పానాలు విసిరికొట్టిన మనిషి ఇతనే. పొద్దుటి మాట మళ్ళీ అంటాడేమోనని, అంటే ఈమె అట్టాగే తిరిగి వెళ్ళిపోతుందని భయపడ్డాను. నా బండి, నా చక్రం నాకు గుర్తే లేవు.

"సారా," అన్నాడు, "నేను రోజూ ఆ బజారు వెంటే పోతన్నా. కావాలనే పోతన్నా. చూడండ్రా, షాపు ముందునుంచే పోతన్నా, ముట్టట్లా అని చూపించుకోవాలని. కానీ షాపు దగ్గరికొచ్చేతలికి మొహం అవతలకి తిప్పుకుంటా. ఊపిరి బిగబట్టుకుంటా. దాటాక కాళ్ళు వణుకుతయ్. ఇంటికి పోయి తలుపేసుకుని పడుకుంటా, అన్నం వండుకోడానికి కూడా సత్తువుండదు. నాలుగు నెలలనుంచీ ఇదే. ఎవురికీ చెప్పలా." చేతిలోని గుడ్డని జేబులో కుక్కుకున్నాడు. "ఉన్న బలమంతా ఆ నాలుగడుగుల్లోనే అయిపోతంది సారా. నీకూ పిల్లకీ ఏమీ మిగలట్లా."

సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బల్ల మీద నుంచి లేచి అటు తిరిగి నిలబడ్డాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగాయని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

"నువ్వు రా," అన్నాడు యేసోబు. "రోజూ రా. కాలవ కట్ట మీద పోదాం."

"నవ్వుతారు మరి. పెళ్ళాం కాపలా కాస్తందని అంటారు."

"అననీ. ఎదురుగా చూస్తా నడుస్తాను, అది చాలు నాకు. రేపటినుంచి రా."

సారమ్మ కళ్ళు తుడుచుకుంది. "రేపెందుకు?" అంది. "ఇయ్యాల వచ్చాగా."

యేసోబు గబగబా లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు, చొక్కా మార్చుకున్నాడు. మేస్త్రి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మేస్త్రి "రేపు ఎనిమిదింటికల్లా రా, బాపట్ల బండి ఉంది," అన్నారు. "అట్టాగే మేస్త్రీ," అని వెళ్ళిపోయాడు. ఇద్దరూ రోడ్డు దాటి, బజారు వైపు కాకుండా కుడివైపుకి మళ్ళారు. గుడ్డసంచి అతని చేతిలో ఉంది. ఆమె రెండడుగులు ముందు నడుస్తోంది, అతను అందుకున్నాడు.

నేను చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాను. సంతోషంగానే ఉంది. కానీ కోర్టు బుద్ధి ఎక్కడికి పోతుంది? అన్ని ఒట్లు తప్పినవాడు, అన్నేళ్ళు తాగినవాడు. ఒక శుక్రవారం సాయంత్రం కుడివైపుకి తిరిగినంత మాత్రాన తీర్పు వచ్చేసినట్టేనా? అసలు మేస్త్రికి వాడి మీద నమ్మకం ఉంటే, నీ ఇష్టం వచ్చిన దారిన నడవరా అని ఎందుకు చెప్పలేదు? ఆయన కింద కూర్చుని నా నట్టుని కిరసనాయిల్లో కడుగుతున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మేస్త్రీ, ఇవాళన్నా సూటిగా ఒక్క ముక్క చెప్పండి," అన్నాను. "కాపలా ఉండాల్సిందేనని మీరూ అనుకున్నారు. అంటే వాడు మానతాడని మీక్కూడా నమ్మకం లేదనేగా?"

ఆయన నట్టుని పైకెత్తి, లోపలి మర శుభ్రపడిందో లేదో వెలుతురులో చూసుకున్నారు.

"ఊడి రాదనుకున్నదానికి నట్టు ఉంచుతామా గుమస్తాగారూ?" అన్నారు.